గుక్క తిప్పుకోని వీరాయమ్మ

దిండు సరిగ్గా పెట్టుకో చంటీ. ఊఁ కొడుతూ ఉండాలి, మధ్యలో మంచినీళ్ళంటే కుదరదు. ఆఁ, అలాగ. అనగనగా నాపరాళ్ళు తవ్వే ఒక ఊళ్ళో రేకుల వీధి అని ఒక వీధి ఉండేది.

మొత్తం పదకొండు ఇళ్ళు. పదకొండింటికీ పైన రేకులే. మామూలు రోజుల్లో బాగానే ఉండేది గానీ, రోహిణి కార్తె వచ్చిందంటే ఇంట్లో కూర్చున్నా పెనం మీద కూర్చున్నట్టే. రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారే, అక్కడ రోళ్ళేం ఖర్మ, మనుషులే పగిలేట్టుండేవారు.

చివరింట్లో వీరాయమ్మ అని ఒకావిడ. కొడుకు అంకారావు రాళ్ళ మిల్లులో రాత్రి పని చేసేవాడు. కోడలు పేరిందేవి, బంగారం లాంటి పిల్ల. పెళ్ళయిన ఆరేళ్ళకి కడుపు పండింది, అప్పటికి ఏడో నెల. వీరాయమ్మకి కోడలంటే ప్రాణం. అయితే పైకి చెప్పదు. చెబితే అత్త హోదా ఏం గాను?

వీరాయమ్మకి నోరు పెద్దది. కుళాయి దగ్గర బిందెల వరస తప్పిందా, మొదలుపెట్టేదమ్మా, ఇక గుక్క తిప్పుకునేది కాదు. అవతలివాళ్ళు జవాబు చెబుదామని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, విసుగెత్తి ఇంటికెళ్ళిపోయేవారు. అంత నోరున్న మనిషికి ఒకే ఒక్క భయం ఉండేది. తథాస్తు దేవతలంటే భయం.

వాళ్ళెవరంటావా? వాళ్ళు పైన తిరుగుతూ ఉంటారు. మనం ఏమన్నా సరే, మాట ఆగగానే "తథాస్తు" అనేస్తారు. అంటే అలాగే జరుగుగాక అని. మంచా చెడా చూసుకోరు, పాపం వాళ్ళ ఉద్యోగమే అది. అందుకే ఇంట్లో అశుభం పలకొద్దంటారు.

అప్పుడేమయిందంటే, సర్కారువాళ్ళకి ఆ ఏడు ఒక మంచి బుద్ధి పుట్టింది. ఎండకి తట్టుకోలేని మనుషులున్న పేదిళ్ళకి ఏసీలు ఊరికే ఇస్తాం, మేమే వచ్చి బిగిస్తాం, కరెంటు ఖర్చు కూడా మాదే అన్నారు. సువార్త అనే నర్సమ్మకి ఒక పుస్తకమిచ్చి పంపారు. ఇంటి పెద్ద, మా ఇంట్లో ఫలానా మనిషికి ఎండ పడదు అని నోటితో చెప్పి వేలిముద్ర వేయాలి. అంతే, ఇంకేం అక్కర్లేదు.

నర్సమ్మ వచ్చి అడిగింది. "వీరాయమ్మత్తా, మీ ఇంట్లో ఎండకి తట్టుకోలేనివాళ్ళెవరు?"

వీరాయమ్మ కోడలి కడుపు వంక చూసింది. కడుపుతో ఉన్న పిల్లని పట్టుకుని తట్టుకోలేదని అనడమా? పైవాళ్ళు తథాస్తంటే? "ఎవరూ లేరు తల్లీ. మేమంతా గుండ్రాళ్ళం" అంది.

పక్కింట్లో దాసు తాత ఆయాసంతో మంచం దిగక పది రోజులయింది. ఆయన భార్య సీతారావమ్మ ఏమందో తెలుసా? "మా ఆయనకేం, నిక్షేపంగా ఉన్నాడు. పొద్దున్నే కొండెక్కి దిగొచ్చాడు" అంది. పదకొండిళ్ళలోనూ ఇదే వరస. ఒకరికి మించి ఒకరు వస్తాదులు! నర్సమ్మ ఖాళీ పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వీరాయమ్మ తన తిప్పలు తను పడింది. మొదట రేకుల మీద తాటాకులు పరిపించింది. గాలిదుమారం వచ్చి ఒక్క ఆకు మిగల్చకుండా ఎత్తుకెళ్ళింది. ఆ తర్వాత తడి గోతాలు కప్పించింది. అవి పావుగంటలో అప్పడాలయ్యాయి, మళ్ళీ తడుపుదామంటే కుళాయి రోజు మార్చి రోజు. ఆ తర్వాత రేకులకి తెల్లగా సున్నం కొట్టించింది. దాంతో కాస్త నయమే, కానీ ఆ ఏటి ఎండకి కాస్త ఎక్కడ సరిపోతుంది?

వారం తిరక్కుండా నర్సమ్మ మళ్ళీ వచ్చింది. "అత్తా, పేరిందేవి మొహం చూడు, ఎంత పీక్కుపోయిందో."

"అబ్బే, అది పుట్టుకతోనే సన్నం" అంది వీరాయమ్మ. అని, వంటింట్లోకెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెబితే దేవతల భయం, చెప్పకపోతే ఎండ భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి!

మూడోసారి శుక్రవారం సాయంత్రం, లారీయే వచ్చింది. దాని నిండా పదకొండు ఏసీలు. నర్సమ్మ వీధి మధ్యలో నిలబడి, "ఇదే ఆఖరు. పేర్లు చెప్పకపోతే లారీ పొరుగూరికి వెళ్ళిపోతుంది" అంది. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

అప్పుడు చివరింట్లో దభీమని చప్పుడయింది. పేరిందేవి కుండ దగ్గర పడిపోయింది.

నర్సమ్మ పరిగెత్తింది. తడిగుడ్డ వేసింది, విసిరింది, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా తాగించింది. పిల్ల కళ్ళు తెరిచింది. "ఇప్పటికి గండం గడిచింది అత్తా. ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించుకొస్తాను. కానీ మళ్ళీ ఈ పొయ్యిలోకే కదా రావాలి? రేపు ఇంతకంటే ఎండ. తల్లికీ, బిడ్డకీ..." అంటుండగానే వీరాయమ్మ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

అది అసురసంధ్య వేళ. తథాస్తు దేవతలు మరీ కిందకి దిగి తిరిగే వేళ. వీరాయమ్మ కోడలి మొహం చూసింది, ఆకాశం వంక చూసింది. అప్పుడు ఆవిడ బుర్రలో ఒక మాట మెరిసింది. వాళ్ళు తథాస్తనేది మన మాట ఆగినప్పుడు కదా! ఆపకపోతే?

కొంగు బిగించింది. వీధిలోకొచ్చి ఊరి గాలంతా పీల్చింది. పీల్చి, "మా కోడలు పేరిందేవి ఎండకి తట్టుకోలేదు గనక మా ఇంటికి ఏసీ వచ్చి దాన్ని ఇవాళే బిగించి ఇల్లు చల్లబడి..."

అక్కడికి ఊపిరి అయిపోవచ్చింది చంటీ! మొహం కందగడ్డయింది. పైన దేవతలు "తథా..." అని నోరు తెరిచారు. వీరాయమ్మ వదులుతుందా? "చల్లబడీఈఈఈ" అని రాగం తీసి, ఆ రాగం మీదే అందుకుంది. "నా కోడలు లేచి కూర్చుని పప్పూ ఆవకాయా కలిపి రెండు ముద్దలు ఎక్కువే తిని నెలలు నిండి పండంటి బిడ్డని కని తల్లీ బిడ్డా నిండు నూరేళ్ళు నవ్వుతూ ఉంటారు!" అని అప్పుడాగింది.

దేవతలు కూడా రొప్పుతూ, "తథాస్తు తల్లీ, తథాస్తు" అన్నారు.

ఇంకేముంది! వీధి వీధంతా వరసకట్టింది. సీతారావమ్మ "మా ఆయనకి ఆయాసం గనక ఎండ పడదు గనక" అంటుండగా దగ్గొచ్చింది. వెంటనే వీరాయమ్మ అందుకుని, "చల్లని గాలికి హాయిగా ఊపిరాడి మనవడి పెళ్ళి భోజనంలో మూడు అరిసెలు తింటాడు" అని పూర్తి చేసేసింది. వేలిముద్రలతో పుస్తకం నిండింది, లారీ ఖాళీ అయింది. పిల్లలైతే ఏసీల అట్టపెట్టెల్లో దూరి ఒకటే కేరింతలు!

పేరిందేవి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇల్లు వెన్నెల్లా చల్లగా ఉంది. నిజంగానే రెండు ముద్దలు ఎక్కువ తింది. హాయిగా నిద్రపోయింది.

కానీ వీరాయమ్మ లోపలికి రాదే! వంటిల్లు పోగా ఉన్నది ఒక్కటే గది, పిల్లకి చోటు చాలదేమోనని బయట అరుగు మీదే ఉండిపోయింది. రమ్మంటే, "ఎండలో పుట్టి ఎండలో పెరిగినదాన్ని, నన్ను ఎండేం చేస్తుందే?" అనేది. మూడు రోజులు గడిచాయి. వీపంతా చెమటకాయలు, కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. అయినా గుండ్రాయినే అంటుంది, మొండి ఘటం.

నాలుగో రోజు పొద్దుగూకే వేళకి పేరిందేవి గుమ్మంలోకొచ్చి నిలబడింది. అత్తకి ఎదురుచెప్పి ఎరగని పిల్ల, నిండుగా ఊపిరి పీల్చింది.

"మా అత్తకి కూడా ఎండ పడదు గనక పైకి చెప్పదు గనక ఇప్పుడే దిండు తీసుకుని లోపలికొచ్చి నా పక్కన పడుకుని రేపు నా బిడ్డని ఒళ్ళో వేసుకుని వందేళ్ళు కథలు చెబుతుంది!"

పైనుంచి ఠక్కున "తథాస్తు" అని వినబడింది.

"ఓసి గడుసుదానా! నా విద్య నాకే చూపించావంటే" అంది వీరాయమ్మ. "దేవతలన్నాక కాదనడానికి నేనెవర్ని" అని గొణుక్కుంటూ దిండు చంకన పెట్టుకుని లోపలికొచ్చింది.

వచ్చి, కోడలి పక్కన ముడుచుకుని పడుకుంది. పేరిందేవి అత్త చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

అంత నోరున్న వీరాయమ్మకీ నోట మాట రాలేదు.

ఏంటీ, బిడ్డ పుట్టిందా అనా? పుట్టకేం, దేవతలు అంత మాటిచ్చాక! ఇక కళ్ళు మూసుకో.

కథ సాగెను కంచికి,
నిద్ర వచ్చెను చంటికి,
వడగాడ్పు పో అడవికి,
చల్లగాలి రా గడపకి!