పసుపు చుక్క లేని గుడ్డ

అనగనగనగా, సముద్రపు గాలికి ఆరేసిన బట్టలు ఓ పట్టాన ఆరని ఊరొకటుంది. పేరు పాలంకిపేట. కళ్ళు మూసుకుని విను అమ్మలూ. మధ్యలో మంచినీళ్ళంటే ఇచ్చేది లేదు, ఇప్పుడే తాగావు.

ఆ ఊళ్ళో వరహాలు అని ఒకావిడ ఉండేది. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఊరి ఆడవాళ్ళ రవికలన్నీ ఆవిడే కుట్టేది. మాట తక్కువ, ఆలోచన ఎక్కువ. గుడ్డ చేతికిస్తే ముందు నాలుగు వైపులా తిప్పి చూసేది. ఆ తర్వాత మడిచి చూసేది. ఆ తర్వాత మళ్ళీ విప్పి చూసేది. కత్తెర పట్టేది మాత్రం అన్నిటికన్నా చివర.

ఒకసారి ఆవిడ కూతురికి పెద్దాసుపత్రిలో పురుడొచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు. వాళ్ళని ఇంటికి తీసుకొస్తుంటే ఆసుపత్రి గేటు దగ్గర ముందు నడుస్తున్న ఒక బాలింత చేతిలో ప్లాస్టిక్ కవరు తెగిపోయింది. పసిపిల్ల గుడ్డలూ, పాలగ్లాసూ, మందులూ అన్నీ బురదలో పడ్డాయి. పాపం ఆ బాలింత ఒక చేత్తో బిడ్డని పట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్క గుడ్డా ఏరుకుంది.

వరహాలు మనసులో అది ఉండిపోయింది. అప్పుడు ఒక మొక్కు మొక్కుకుంది. మనవరాలి బారసాల లోపల నలభై సంచులు కుట్టి ఆ ఆసుపత్రికి ఇస్తాను, ఇంటికెళ్ళే ప్రతి బాలింత చేతిలో ఒక గట్టి సంచి ఉండాలి అని. బారసాలకి వచ్చే పేరంటాళ్ళకి తాంబూలం పెట్టివ్వడానికి చిన్నవి ఇంకో పాతిక అనుకుంది.

మొక్కయితే మొక్కుకుంది గానీ, గుడ్డ ఎక్కడిది?

మన ఇళ్ళల్లో బీరువా అడుగున ఏముంటాయో తెలుసా నీకు? రవికల గుడ్డలు. పేరంటానికి వెళ్తే మనకి పెడతారు. మనం దాచి ఇంకొకరికి పెడతాం. వాళ్ళు మరొకరికి పెడతారు. ఎవరూ కుట్టించుకోరు. అవి ఊరంతా తిరిగి తిరిగి, ఒక్కోసారి మొదట పెట్టినావిడ బీరువాలోకే వచ్చి పడుకుంటాయి. నా దగ్గరా ఉంది ఒకటి, ఇటుకరాయి రంగుది. మీ పెద్దమ్మమ్మకి మూడుసార్లు పెట్టాను. నాలుగుసార్లు తిరిగొచ్చింది. ఎలాగని నన్నడక్కు.

పాలంకిపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో గుడ్డ పెట్టే ముందు దాని మూలకి పసుపు చుక్క పెడతారు. ఎన్ని చేతులు మారితే అన్ని చుక్కలన్నమాట. వరహాలు ఆ చుక్కలు చూసి గుడ్డ జాతకం చెప్పేసేది. నాలుగు చుక్కలుంటే ఎవరికీ అక్కర్లేనిది. ఒక్క చుక్కుంటే మొన్నమొన్న వచ్చింది. అసలు చుక్కే లేకపోతే కొట్లో కొని మరిచిపోయింది. దాన్ని ఎవరూ పెట్టలేదు, ఎవరూ పుచ్చుకోలేదు, కాబట్టి దానికోసం వెతుక్కునేవాళ్ళూ ఉండరు. అదీ ఆవిడ ధీమా.

సరే, వరహాలు ఇల్లిల్లూ తిరిగింది. ఊరికే బీరువాలో పడున్నవి కదా, అందరూ సంతోషంగా ఇచ్చారు. అందరికన్నా ఎక్కువ ఇచ్చింది గున్నమ్మ. గున్నమ్మది పెద్ద మనసూ, అంతకన్నా పెద్ద గొంతూ. బీరువా తెరిచి, అడుగునున్నవన్నీ రెండు చేతులా ఎత్తి వరహాలు ఒళ్ళో పోసింది. ఆ సమయానికి ఆవిడ కోడలు నీలవేణి కుళాయి దగ్గర నీళ్ళకి నిలబడి ఉంది.

ఆ గుడ్డల్లో ఒకటి నీలవేణిది.

నేరేడుపండు రంగు గుడ్డ. అంచున సన్నని తెల్ల గీత, గీత వెంట చుక్కలు. నీలవేణి వాళ్ళమ్మ మంచం పట్టి ఉన్నప్పుడు, బస్సులో వచ్చే ఎవరి చేతో పంపింది. లేచి పసుపు గిన్నె అందుకునే ఓపిక కూడా లేదు ఆవిడకి, అలాగే పంపేసింది. ఆ తర్వాత వారానికే పోయింది. నీలవేణికి నాన్న ముందే లేడు, తోబుట్టువులు లేరు. పుట్టిల్లు అని చెప్పుకోవడానికి ఆ గుడ్డ ఒక్కటే మిగిలింది. నెలకోసారి, అమ్మ పోయిన తిథినాడు, అందరూ భోజనాలు చేసి పడుకున్నాక మధ్యాహ్నం వేళ తీసి, విప్పి, ఒళ్ళో పరుచుకుని, మళ్ళీ అవే మడతల మీద మడిచి పెట్టుకునేది. కుట్టించుకుంటే కత్తెర పడుతుంది కదా అని కుట్టించుకోలేదు. ఈ సంగతి అత్తగారికి చెప్పనూ లేదు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ కోడలి సొమ్ము అత్త దానం చేసింది. తెలిసి చేసింది కాదులే.

ఇక వరహాలు గుడ్డలన్నీ చాప మీద పరిచి కూర్చుంది. పాత క్యాలెండరు కాగితాన్ని సంచి కొలతకి కత్తిరించి, ఒక్కో గుడ్డ మీదా పెట్టి చూసింది. బాలింత సంచి గట్టిగా ఉండాలి. అందుకని గుడ్డకి కత్తెర వెయ్యకూడదనుకుంది. ముందు నిలువునా రెండు మడతలు వేసింది. ఆ తర్వాత అడ్డంగా మడిచింది. ఆ తర్వాత రెండు పక్కలా కుట్టు వేసింది. అంతే, లోపలా బయటా ఒకటే గుడ్డ, రెండు పొరల సంచి. పాత చీరల అంచులు చించి పట్టీలు కుట్టింది. పసుపు చుక్కలున్న మూల లోపలి మడతలోకి వెళ్ళేలా చూసుకుంది.

నేరేడు రంగు గుడ్డ దగ్గరకొచ్చేసరికి ఆవిడకి పని తేలికైపోయింది. దాచాల్సిన పసుపు చుక్కే లేదు దానికి. ఎవరిదీ కాని గుడ్డ అనుకుంది. నలభైలో ఒక సంచి దాంతో కుట్టేసింది.

పదిహేను రోజుల్లో నలభై సంచులూ అయ్యాయి. తాంబూలం సంచులూ అయ్యాయి. పెద్దవి మూటగట్టి తీసుకెళ్ళి, ఆసుపత్రిలో పురుటి వార్డు ఆయా ఎస్తేరమ్మకి అప్పజెప్పింది. ఎస్తేరమ్మ ఇంటికెళ్ళే ప్రతి బాలింతకీ ఒకటి చొప్పున ఇచ్చింది. బారసాల కూడా బాగా జరిగింది. వరహాలు మొక్కు తీరింది.

ఆ తర్వాత నీలవేణి వాళ్ళమ్మ తిథి వచ్చింది. మధ్యాహ్నం నీలవేణి బీరువా తీసింది. అడుగున చెయ్యి పెట్టింది. చేతికి చెక్క తగిలింది.

అత్తగారిని అడిగితే సంచులకి ఇచ్చేశానంది గున్నమ్మ. పోతే పోయింది, గుడ్డే కదా, సంతలో ఇంకోటి కొనిపెడతానంది. అప్పుడు నీలవేణి అది ఎవరు పంపిందో చెప్పింది. గున్నమ్మకి ఆ రోజంతా గొంతు పెగల్లేదు. ఆ ఇంట్లో అలాంటి రోజు అదే మొదలు.

నీలవేణి నేరుగా వరహాలు ఇంటికి వెళ్ళింది. సంగతంతా విని వరహాలు మిషను మీంచి కాలు తీసేసింది. తిలాపాపం తలా పిడికెడు. ఒకరు అడక్కుండా ఇచ్చారు, ఒకరు అడక్కుండా కుట్టారు, ఒకరు చెప్పకుండా దాచుకున్నారు. ఎవర్ని అంటాం?

వరహాలు అంది, "నాను కత్తెర ఎయ్యనేదు తల్లీ. కుట్టు ఇప్పితే మళ్ళీ గుడ్డే. పద, ఎతుకుదాం."

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఎస్తేరమ్మకి పేర్లు గుర్తుండవు గానీ రంగులు గుర్తుంటాయి. నేరేడు రంగువి మూడు ఇచ్చానని, ఆ మూడు ఎక్కడెక్కడికి వెళ్ళాయో చెప్పింది.

మొదటిది రైసుమిల్లు పక్క ఇంట్లో ఉంది. ఆ ఇంటి ముసలాయన అందులో చింతపండు పోసి దూలానికి వేలాడదీశాడు. తీసి చూస్తే అంచున గీత లేదు. వచ్చినవాళ్ళని ఊరికే పంపితే బాగుండదని ఆయన చింతపండు చేతిలో పెట్టి పంపించాడు.

రెండోది రైలుగేటు అవతల. ఆ ఇంటి కోడలు ట్రంకుపెట్టె తాళం తీసి, అడుగునుంచి సంచిని బయటికి తీసింది. ఇంత మంచి సంచి వాడితే పాడైపోదా అని దాచిందట. పిల్ల గుడ్డలు మాత్రం ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి. దానికీ తెల్ల గీత లేదు. సంచి దాచుకోడానికి కాదమ్మా, వాడుకోడానికి అని వరహాలు గట్టిగానే చెప్పింది. చెప్పాక పక్కనున్న నీలవేణి మొహం చూసి ఊరుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే. అది దొరికితే నీలవేణికి గుడ్డ దొరికినట్టు. లేకపోతే లేదు.

అది ఉప్పుమళ్ళ దగ్గర పాకల్లో ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి ఒక పాక ముందు ముగ్గు వేసి ఉంది. లోపల ఉయ్యాలకి మామిడాకులు కట్టి ఉన్నాయి. చాప మీద ఒక చిన్నపిల్ల, అంటే తల్లే, ఇరవై ఏళ్ళుండవు, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు ఎర్రయ్యమ్మ. ఆ రోజే వాళ్ళ పిల్ల బారసాల.

ఎర్రయ్యమ్మ ఒంటి మీద నేరేడు రంగు రవిక ఉంది. చేతి అంచున తెల్ల గీత, గీత వెంట చుక్కలు.

నీలవేణి గుమ్మంలోనే నిలబడిపోయింది. కత్తెర వెయ్యకుండా ఆ సంచి కుట్టింది వరహాలే. కుట్టు విప్పితే మళ్ళీ గుడ్డే అని నీలవేణికి చెప్పిందీ ఆవిడే. ఆ మాట ఎవరూ చెప్పకుండానే ఎర్రయ్యమ్మకి తెలిసింది. సంచి విప్పింది, రవిక కుట్టుకుంది.

ఎందుకొచ్చారో ఎర్రయ్యమ్మ అడిగింది. వరహాలు దాచకుండా అంతా చెప్పింది, ఆ గుడ్డ ఈ అమ్మాయికి వాళ్ళమ్మ పంపిన చివరి గుడ్డ అని. ఎర్రయ్యమ్మ మొహం వాడిపోయింది.

"బారసాలనాడు పుట్టింటి రవిక తొడుక్కోవాలంతారు. నాకు పుట్టింటోళ్ళు నేరు," అంది. "ఎవురో ముక్కూ మొహం తెలీనోళ్ళు ఇంత సక్కటి గుడ్డ ఇచ్చారు గదా, ఇదే పుట్టింటి గుడ్డనుకున్నాను. ఉండండమ్మా, ఇప్పేసి ఇచ్చెస్తాను."

అని బిడ్డని చాప మీద పడుకోబెట్టి లేవబోయింది.

అప్పుడు నీలవేణి వెళ్ళి ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"మాయమ్మ కుట్టించుకుని తొడుక్కోమనే పంపింది. నానే కుట్టించుకోనేదు," అంది. "నీకు బాగుంది. ఉంచుకో."

అక్కడ బారసాల పని ఆగిపోయి ఉంది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. పిల్లని ఉయ్యాల్లో వేసేముందు తల్లి పుట్టింటివాళ్ళు పీట మీద కూర్చుని ఒళ్ళోకి తీసుకుని, అక్కణ్ణుంచి ఉయ్యాల్లో వెయ్యాలని వాళ్ళ పద్ధతి. ఎర్రయ్యమ్మకి ఎవరూ లేరు కాబట్టి ఆ పీట ఖాళీగానే ఉంచారు.

ఎర్రయ్యమ్మ ఆ పీట చూపించి, మీరు కూకోండి అక్కా అంది.

నీలవేణి కూర్చుంది. ఒళ్ళో పిల్లని పెట్టారు. అమ్మ పోయిన రోజు నుంచీ గుండెలో పట్టి ఉంచుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని, అంతమందిలో, సిగ్గుపడకుండా ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని పిల్లని ఉయ్యాల్లో వేసింది. అక్కడే భోజనం చేసి ఇద్దరూ ఇంటికొచ్చారు.

ఏమిటే? గుడ్డ తిరిగి తీసుకోలేదా అంటావా? తీసుకోలేదు. వరహాలు ఆ తర్వాత కూడా ఏటేటా సంచులు కుట్టింది గానీ, చుక్కలు లెక్కపెట్టడం మానేసింది. ప్రతి గుడ్డనీ ఇంట్లో ఉన్న అందరికీ చూపించి, ఇదెవరు పంపారమ్మా అని అడిగాకే మూటలో వేసుకునేది.

ఇంకొక్క మాట చెప్పి అయిపోగొడతాను. రెండేళ్ళకి ఎర్రయ్యమ్మకి మళ్ళీ నెలలు నిండాయి. పురుటికి ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళాలి కదా. చేతిలో చిన్న మూట, పక్కన పెద్దపిల్ల, పాలంకిపేట బస్సు దిగి నేరుగా నీలవేణి ఇంటికి వచ్చింది. చెప్పా పెట్టకుండా వచ్చిందని గున్నమ్మ వీధంతా వినబడేలా గొణిగింది. గొణుగుతూనే నీళ్ళు కాచింది. గొణుగుతూనే మంచం వాల్చింది. గొణుగుతూనే వెల్లుల్లి కారం దంచడానికి కూర్చుని, "కోడలా, మీ సెల్లి కారం ఎక్కువ తింటాదా, తక్కువ తింటాదా?" అని అడిగింది.

మిషను చక్రం ఆగింది, సూది కన్ను మూసింది,
దారపుండ తిరిగి తిరిగి మూల చేరి తూగింది,
కథ లేచి కంచి దారి పట్టింది,
మా అమ్మలు కళ్ళకేమో నిద్ర దారి దొరికింది.