తోడికోడలి మీద నిఘా

గోదావరి పక్కన పూతరేకులు చేసే ఒక ఊళ్ళో మంగాయమ్మ అనే ఆవిడ ఉండేది, ఆవిడకి తన నీడ మీద కూడా అనుమానమే. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనేది. నవ్వకపోతే ఎక్కువ కలిపాడనేది. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ భూతానికి మంగాయమ్మ రోజూ రెండు పూటలా అన్నం పెట్టి పెంచేది.

ఆవిడ తోడికోడలు వీరవేణి. వేణి భర్త కొబ్బరికాయల లారీ నడుపుతూ నెలలో సగం రోజులు బయటే ఉండేవాడు. అందుకని రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి. రేకు తీయడంలో వేణి చేతికి ఊళ్ళో సాటి లేదు. కాలే కుండ మీద పిండిలో ముంచిన గుడ్డను ఒక్కసారి అలా లాగితే ఉల్లిపొరలాంటి రేకు లేచి వచ్చేది. కొత్త కుండ అంత తొందరగా మాట వినదు. నూనె పట్టించి, కాల్చి, ఎన్నో రేకులు పాడుచేసుకుంటే గాని దారికి రాదు. అందుకే ఎవరి కుండ వాళ్ళదే. మెడలో గొలుసైనా అరువిస్తారు గాని కుండను ఇవ్వరు.

అలాంటిది, ఒకరోజు వేణి తన కుండను పక్కింటి కొత్తకోడలికి ఇచ్చేసింది.

మంగాయమ్మ గుండెలో రాయి పడింది. "కుండెందుకు ఇచ్చావే?" అని అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్త పడుతుందని ఆవిడ నమ్మకం. ఆ రోజు నుంచి వేణి ఎటు వెళ్తే అటు ఓ కన్ను వేసి ఉంచింది. వేణి సరిగా తినడం లేదు. తెల్లవార్లూ పక్క మీద దొర్లుతోంది. పెట్టెలోని పట్టుచీర తీసి చెల్లెలికి పంపేసింది. అన్నిటికంటే విడ్డూరం, మూడో తరగతి చదివే కూతురు జాహ్నవికి తన జడ తనే వేసుకోవడం నేర్పుతోంది. "పెద్దమ్మ చెప్పినట్టు వినాలమ్మా" అని ఆ పిల్లతో పదే పదే అంటోంది.

మంగాయమ్మ లెక్క తేల్చేసింది. మొగుడు సత్తిబాబుని వసారాలోకి పిలిచి చెవిలో ఊదింది.

"మీ మరదలు పాపాయమ్మ పూతరేకుల దుకాణంలో పనికి చేరిపోతోందండి. అక్కడ కొత్త కుండలు సిద్ధంగా ఉన్నాయి గాబట్టే ఇక్కడిది ఇచ్చేసింది. పొద్దున్నే పోవాలి గాబట్టే పిల్లకి జడ నేర్పుతోంది. పిల్లని నా నెత్తిన వదిలేస్తుంది చూడండి. మనసులో దొంగతనం ఉన్నోళ్ళకి నిద్రెక్కడ పడుతుంది?"

ఎంత చక్కగా అతికిందో చూశారా! ఒక్క ముక్క కూడా మిగల్లేదు. తప్పుడు లెక్కలు చాలాసార్లు ఇలాగే తేలతాయి.

మర్నాడు మంగాయమ్మ కొంగు దోపుకుని పాపాయమ్మ దుకాణానికి వెళ్ళింది.

"మా వేణిని ఎప్పట్నించి రమ్మన్నారండీ?" అని సూటిగా అడిగింది.

పాపాయమ్మ చేతిలోని బెల్లం గడ్డ పక్కన పెట్టింది. "ఎక్కడొస్తుందమ్మా! నేనే రెండుసార్లు అడిగాను. 'నాకింక ఏ పనీ వద్దు పిన్నీ, రేపన్న మాట నాతో అనకు' అంది. ఆ మొహం చూస్తే భయమేసింది నాకు. మీ ఇంట్లోవాళ్ళకి తెలిసే ఉంటుందిలే, మనకెందుకని ఊరుకున్నాను."

మంగాయమ్మ ఇంటిదారి పట్టింది. కుండ, చీర, నిద్ర, జడ అన్నీ మళ్ళీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. ఈసారి అవి వేరే లెక్క చెప్పాయి. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఏం చూశానని తనను తాను తిట్టుకుంది.

సంగతి విని సత్తిబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. "వేణి దగ్గర ఆ మాట ఎత్తకే. లేని ఆలోచన మనమే పుట్టించినట్టవుద్ది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. పిచ్చని ఊళ్ళో తెలిస్తే రేపు జాహ్నవికి సంబంధాలొస్తాయా?"

"జాహ్నవికి ముందు తల్లి ఉండాలి గదండీ" అని మంగాయమ్మ పెరట్లోకి నడిచింది.

వేణి కొబ్బరాకులు చీలుస్తూ కూర్చుంది. మంగాయమ్మ పక్కనే చతికిలపడింది.

"వేణీ, ఒకటడుగుతాను. కోప్పడను, ఎవర్నీ తిట్టను. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

వేణి చేతులు ఆగిపోయాయి. తలూపింది.

"అనిపిస్తోందక్కా. ఎందుకో నాకే తెలీదు. నా వల్ల అందరికీ బరువే అనిపిస్తోంది. ఎవరైనా అడిగితే చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! నువ్వు రోజంతా నా వెనకే తిరిగావు. ఒక్కసారి కూడా అడగలేదు."

మంగాయమ్మ ఆమెను గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. ఆ రోజు నుంచి వేణిని ఒంటరిగా వదల్లేదు. మరిదికి ఫోను చేసి రప్పించింది. పట్నంలో మానసిక వైద్యుడి దగ్గరికి తనే తీసుకెళ్ళింది. ఇది జబ్బేనని, మందులతో, మాటలతో నయమవుతుందని, తొందరపడకూడదని డాక్టరు చెప్పాడు. నయం కావడానికి నెలలు పట్టింది. మధ్యలో వేణి మందులు మానేస్తానని మొండికేసింది. "బాగానే ఉన్నానక్కా" అంటే మంగాయమ్మ నమ్మేది కాదు. పాత బుద్ధి అక్కడ పనికొచ్చింది. కాకపోతే ఇప్పుడు వెనక తిరగకుండా ఎదురుగా కూర్చుని అడిగేది.

ఊరు ఊరుకుంటుందా? పంపు దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడారు. గాలి సోకిందని ఒకరు, మొగుడితో పడదని ఒకరు.

"మా వేణికి మనసులో జబ్బు చేసింది, మందులు వాడుతోంది" అంది మంగాయమ్మ బిందె దించి, వాళ్ళలో ఒకావిడ వైపు తిరిగి. "నీ షుగరుకి నువ్వు వాడట్లేదూ? దీనికి గుసగుసలెందుకు?"

అందరూ బిందెలు ఎత్తుకుని జారుకున్నారు. అందరికంటే ఎక్కువగా గుసగుసలాడిన సీతారత్నం మాత్రం అక్కడే నిలబడిపోయింది. చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ డాక్టరు ఎక్కడుంటాడక్కా? మా పెద్దాడు గది తలుపు తీసి చాలా రోజులైంది."

నీతి: మనిషి తీరు మారితే చాటుగా కాపలా కాయకుండా ఆ మనిషినే దగ్గర కూర్చుని అడగాలి, చావు మాట అడిగినంత మాత్రాన చావు రాదు, దాచుకున్న బాధ బయటికి రావడానికి దారి దొరుకుతుంది.