పచ్చి పక్కు

ఆ ఏడు కొండవాలు మేకలకు పొక్కుల జబ్బు భయం పట్టుకుంది. అవతలి కొండ మీద సగం మంద అప్పటికే రాలిపోయింది. వాగు ఒడ్డున తాబేలు మాత్రం, జబ్బుపడ్డ మేకల పొక్కుల మీది పక్కులు తెచ్చి బండ మీద ఎండబెడుతోంది. ఎండకి జబ్బు బలం చచ్చాక, ఆ పొడి చెవి గాటులో రుద్దితే అసలు జబ్బు దగ్గరికి రాదని దాని ఆశ.

చుక్కమేకకు మనసు నిలవడం లేదు. దానికి ఒక్కగానొక్క పిల్ల.

"ఇంకెన్నాళ్లు తాతా?"

"మొదటి పొడి మరీ ఎండిపోయి పనికిరాలేదు తల్లీ. పచ్చిగా ఉంటే అదే జబ్బు అంటిస్తుంది. ఆ మధ్య పాకం దొరకాలి. రెండో పొడికి ముసలి మేకపోతు ధైర్యంగా చెవి ఇచ్చాడు. ఆయన నిలబడితే అందరికీ పెడతా."

"ఈలోగా నా పిల్లకేమన్నా అయితే?"

తాబేలు బండ మీది పక్కుల్ని రెండో వైపు ఎండకి తిప్పింది.

తిరుగుదారిలో నక్క ఎదురైంది. "ఏం వదినా, మొహం అలా వేలాడేశావు? బండ నిండా మందు పెట్టుకుని రేపు రా, మాపు రా అంటున్నాడా? మరి ముసలి మేకపోతుకి ఎలా దొరికిందో! వాళ్లిద్దరూ చిన్ననాటి నేస్తాలులే."

"నీకెందుకు బావా ఇంత బాధ?"

"పసిదాన్ని చూసి మనసాగక. వాగు వైపు అంచున పెట్టినవి తాజావి, బలంగా పనిచేస్తాయట. తల్లివి, ఆపైన నీ ఇష్టం."

తాబేలు నీళ్లలోకి దిగేదాకా ఆగి, చుక్కమేక అంచునున్న పక్కు ఒకటి నోట కరుచుకుంది. "కదలకు నాన్నా, చిటికెలో అయిపోతుంది" అంటూ పిల్ల చెవికి రుద్దింది.

పిల్ల ఒళ్లంతా పొక్కులు లేచాయి. పక్కన పడుకున్నవాటికీ అంటుకున్నాయి. చుక్కమేక జబ్బుపడి లేచింది. పిల్ల లేవలేదు. ఆ రోజుల్లో నక్కకు వేటాడే పనే పడలేదు.

అంతలో ముసలి మేకపోతు జబ్బు మేకల మధ్యే తిరిగి కూడా నిక్షేపంగా ఉన్నాడని తేలింది. పాకం కుదిరింది. తాబేలు ఆకులో పొడి పట్టుకుని వస్తే, మిగిలిన మేకలన్నీ వెనక్కి జరిగాయి.

"పసిదాన్ని చంపింది ఆ మందేగా!"

"అది మందు కాదర్రా, పచ్చి పక్కు. తొందరపడింది నేను!" చుక్కమేక ఒక్కొక్కరి ముందుకీ వెళ్లి చెప్పింది.

"కడుపుకోత కదా, ఏదో మాట్లాడుతోంది పాపం" అన్నాయవి.

చివరికి తన చెవే చాపింది. "వీళ్లంతా చూస్తుండగా నాకు పెట్టు తాతా."

"నీకు వచ్చి పోయింది తల్లీ, ఇంక రాదు. నీకు పెట్టి ఏం రుజువు చేస్తాం?"

గట్టు మీంచి నక్క మూతి నాక్కుంది. "నీ ఇష్టమనే అన్నాను కదా వదినా!"

చుక్కమేక చెవి అలా చాచే ఉంది. మందు పెట్టించుకోకుండానే మంద ఆ కొండ దిగి వెళ్లిపోయింది.

తొందరపాటు ఒక్క ప్రాణంతో ఆగదు, రాబోయే మందు మీద నమ్మకాన్నీ తీసుకుపోతుంది.