ఉలిగమ్మ పంపిన నిప్పు

మీ తాతకు తాత మీసం మొలవని కాలంలో, బోడిగుట్ట అనే ఊళ్లో ఉలిగమ్మ ఉండేది. నా అనేవాళ్లు లేరు. ఒక కాలు కుంటి. ఇంటింటికీ నీళ్లు మోసి, పెట్టింది తినేది.

మొదటి ఏడు వాన లేదు. పడుచువాళ్లు పనులు వెతుక్కుంటూ పోయారు. రెండో ఏడూ వాన లేదు. పిల్లలున్నవాళ్లు పోయారు. మూడో ఏడూ వాన లేదు. ముసలివాళ్లను బండ్లెక్కించుకుని మిగిలినవాళ్లూ బయలుదేరారు.

"నువ్వూ రా, ఉలిగక్కా" అన్నాడు రైతు కరెప్ప.

"ఈ కాలితో యాడికొస్తా? మీ ఇండ్లు చూసుకుంటా. పోండి."

"అయితే మాయమ్మ పొయ్యి సల్లబడనీకు."

పోయేవాళ్లంతా అదే మాట అన్నారు.

కుండ పెంకులో నిప్పులు పోసుకుని ఆమె ఇల్లిల్లూ తిరిగేది. ఇవాళ ఈ వీధి, రేపు ఆ వీధి. కప్పుల మీద పొగ లేస్తే ఊరు మళ్లీ ఊరిలా కనిపించేది. కాసేపు అరుగు మీద కూర్చుని, లేని పిల్లల్ని పేర్లు పెట్టి పిలిచేది. కానీ ఒక్కదాని చేతులు ఎన్ని ఇండ్లకు చాలుతాయి? గోడలు చెదపట్టాయి.

ఒకనాడు కొత్తవాళ్లు వచ్చారు. వాళ్ల ఊరిని ఏరు మింగింది. మాట వేరు, కట్టు వేరు. మొదటి ఊరు తలుపేసింది. రెండో ఊరు కుక్కల్ని వదిలింది. మూడో ఊరు నీళ్లిచ్చి పొమ్మంది. పొగ చూసి బోడిగుట్టకు వచ్చారు.

వాళ్లలో సావంత్రవ్వ అనే ఆమె చంకలో బిడ్డతో, "రొట్టె కాల్చుకోవాల. నిప్పుందా?" అని సైగ చేసింది.

ఉలిగమ్మ పెంకు చేతికిచ్చి, కరెప్ప ఇంటి తలుపు తీసింది.

వానలు పడ్డాయి. కరెప్ప తిరిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"నా ఇల్లు ఎవరికిచ్చినావు?"

సావంత్రవ్వ మూట కట్టసాగింది.

"ఆగమ్మా" అంది ఉలిగమ్మ. "కరెప్పా, గోడ చూడు. మెత్తింది ఆమె. పొయ్యి చూడు. అలికింది ఆమె. బూడిదలో చెయ్యి పెట్టు."

పెట్టాడు. వెచ్చగా ఉంది. వలసలో చనిపోయిన తల్లి గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాడు. సావంత్రవ్వ రొట్టె తెచ్చి ముందు పెట్టింది.

ఆ రోజు మూట విప్పించింది కరెప్పే. పక్కనే వాళ్లకు ఇల్లు కట్టడానికి మట్టి తొక్కిందీ అతనే. తిరిగి రానివాళ్ల ఇండ్లు కొత్తవాళ్లవయ్యాయి. రానివాళ్ల కోసం ఉలిగమ్మ మాత్రం చివరిదాకా బాట వైపు చూస్తూనే ఉండి, కన్నుమూసింది.

ఇప్పటికీ బోడిగుట్టలో ఎవరు కొత్తగా దిగినా, ఏ ఊరు, ఏ కులం అని అడగకముందే పక్కింటివాళ్లు నిప్పు పట్టుకుపోతారు. ఈ కాలంలో అగ్గిపెట్టె. చేతిలో పెట్టి, "ఉలిగమ్మ పంపింది" అంటారు.

"ఆమె ఇల్లెక్కడ? ఒకసారి పలకరించొస్తాం" అంటారు కొత్తవాళ్లు.

"చెబుతాంలే. ముందు పొయ్యి ముట్టించుకోండి."