బొగ్గు కొట్టు గోడ

దస్తగిరికి ఓడ ఎక్కినప్పటినుంచీ జిక్రు నిలవడం లేదు. గురువు చెవిలో చెప్పిన దేవుడి పేరును నాలుక అంటూనే ఉంటుంది, మనసు మాత్రం గానుగెద్దులా ఊరి చుట్టే తిరుగుతుంది. హజ్‌కు పోయే మనిషికి ఇంతకన్నా భయం ఏముంటుంది? ఇలా మక్కా చేరితే వెళ్ళినట్టా, వెళ్ళనట్టా?

ప్రొద్దుటూరు దగ్గరి పల్లెలో అతను దూదేకులవాడు. గురువు నబీషా తాత వెంట బయల్దేరేముందు, ఆచారం ప్రకారం ఇల్లిల్లూ తిరిగి, "ఏమన్నా అనుంటే మాఫ్ చేయండి" అని అడిగొచ్చాడు. అన్న గడప ఒక్కటే తొక్కలేదు. పంపకాలప్పుడు తండ్రి దూదేకిన విల్లును అన్న లాక్కుపోయాడు. తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. తాత అడిగితే మాత్రం "అందర్నీ అడిగినా" అని నేల చూస్తూ చెప్పాడు.

పొగఓడ బొగ్గు కోసం ఏడెన్ రేవులో ఆగింది.

"తాతా, ఈ జిక్రు నాకు పట్టడంల్యా. కొత్తది ఇంకోటియ్యి," అన్నాడు దస్తగిరి.

"సూద్దాం పద," అన్నాడు తాత.

కిటికీలన్నీ బిగించినా అన్నంలో, చెవుల్లో నల్లటి దుమ్మే. గంపలు మోసే కూలీలు చెక్కబాట మీద చీమల బారులా ఎక్కుతున్నారు. ఓడలో బొగ్గు నింపే ఒక కొట్టు దగ్గర మాత్రం గంపలు దించి నిలబడిపోయారు. లోపల ఓడలో బొగ్గు పనిచేసే బందరు మనిషి కరీముల్లా పారతో పాత బొగ్గు బయటికి తోడుతున్నాడు. ఆలస్యమవుతోందని పైనుంచి ఓడ దొర కేకలేస్తున్నాడు. కరీముల్లాకు అది దున్నపోతు మీద వానే.

తాత దస్తగిరి చేయి పట్టుకుని, అరచేతిని ఆ కొట్టు ఇనుపగోడకు ఆనించాడు. చురుక్కుమనేసరికి దస్తగిరి చేయి లాక్కున్నాడు.

"ఎవురు ముట్టించినారు దీన్ని?"

"ఎవరూ ముట్టించలేదండీ," అన్నాడు కరీముల్లా చెమట తుడుచుకుంటూ. "అడుగున పాతది ఉండిపోయింది. బొంబాయిలో దాని మీదే కొత్తది పోసేశారు. అది లోపల్లోపలే కాగుద్దండీ. తియ్యకుండా మళ్ళీ పోశామంటే నడిసముద్రంలో అంటుకుంటది."

మళ్ళీ పార అందుకున్నాడు.

దస్తగిరి కాలిన అరచేతిని చూసుకున్నాడు. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తాత వైపు తిరిగాడు.

"అబద్ధం చెప్పినా తాతా, ఒక గడప తొక్కకుండానే వచ్చినా. ఈడ్నించి ఊరికి జాబు పోతుందా?"

"పోతుంది."

దస్తగిరికి చదువు రాదు. తాత ఓడలో లెక్కలు రాసే మున్షీ దగ్గర కార్డు తెచ్చి, గంపల పక్కనే మోకాలు మీద పెట్టుకుని పెన్సిలు తీశాడు.

"ఎవురికి రాయాల? పేరు చెప్పు."

ఇన్నేళ్ళలో దస్తగిరి ఒక్కసారి కూడా అన్న పేరు పలికింది లేదు. పెదాలు రెండుసార్లు కదిలాయి.

"మౌలాలన్నకు," అన్నాడు చివరికి.

తాత పెన్సిలు పక్కన పెట్టి, జిక్రుకు కూర్చున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోసారి అను," అన్నాడు.