టీవీ నెత్తిన అక్షింతలు

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, ఓ పేద్ద టీవీ ఉండేది. నవ్వకు. రాజుల కథలు నిన్నా మొన్నా చెప్పానుగా, ఇవాళ టీవీ కథ. కాళ్ళు ముడుచుకుని పడుకో. మధ్య మధ్యలో ఊఁ అంటూ ఉండు. నువ్వు ఊఁ అనకపోతే నేను ఆపేస్తాను, తర్వాత నన్ననొద్దు.

ఆ ఊరి పేరు పెసరపాడు. ఆ టీవీ కోటమ్మ అనే ముసలమ్మ ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో కోటమ్మ, ఆమె కొడుకు మాల్యాద్రి, కోడలు అంజని, మనవరాలు హర్షిత ఉండేవాళ్ళు. మాల్యాద్రి బస్సు కండక్టరు. పొద్దస్తమానం "లోపలికి జరగండమ్మా, జరగండి" అని అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి గొంతు పోయేది. అందుకని ఇంట్లో మాట తక్కువ. ఆ తక్కువలోనే కోపం కాస్త ఎక్కువ.

కోటమ్మకి చూపు సరిగ్గా ఆనేది కాదు. శుక్లాలు తీయించారు, కళ్ళజోడు మార్పించారు, అయినా అంతంతమాత్రమే. అంతకు ముందు వాళ్ళింట్లో చిన్న టీవీ ఉండేది. ఓ శ్రీరామనవమినాడు భద్రాచలంలో జరిగే కల్యాణం అందులో చూస్తూ, "ఒరే అబ్బాయ్, వీళ్ళల్లో రాముడెవరురా, సీతమ్మ ఎవరు?" అని అడిగింది. ఆమె మామూలుగానే అడిగింది. మాల్యాద్రి మాత్రం ఆ మాట మర్చిపోలేకపోయాడు. అప్పుడు వెళ్ళి గోడంత టీవీ తెచ్చాడు.

ఆ తర్వాత నవమికి కోటమ్మ టీవీ ముందు పీట వేసుకుని కూర్చుంది. రాముడి నామం కనిపించింది. సీతమ్మ బాసికం కనిపించింది. పంతులుగారి చేతిలో మంగళసూత్రం కూడా కనిపించింది. ఊళ్ళో రామాలయానికి వెళ్తే ఆవిడకి కనిపించేది ముందు నిలబడ్డవాళ్ళ వీపులే. ఇంట్లో కూర్చుని, ఏడాదికోసారి వచ్చే ఆ పెళ్ళి కళ్ళారా చూసి, తన చేత్తో నాలుగు అక్షింతలు వేస్తే చాలు. ఇంకేమీ అడిగే మనిషి కాదు కోటమ్మ.

అక్షింతలంటే తెలుసుగా? విరగని బియ్యంలో పసుపు వేసి, చుక్క నెయ్యి వేసి కలుపుతాం. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేయకుండా భోంచేసి వచ్చేస్తామా? రాం. కోటమ్మా అంతే. తలంబ్రాలు మొదలవగానే రొంటిన దోపుకున్న పొట్లం విప్పి టీవీ మీదికి వేసేది. ఎవరి కాళ్ళ మీదో, కడుపు మీదో వేస్తే దీవెన కాదు, నెత్తిన పడాలి. అందుకని కాస్త ఎత్తుగా వేసేది.

సరే, నవమి ఏడాదికోసారే. సీరియల్ పెళ్ళిళ్ళో? అవి రోజూ ఉంటాయి. ఏదో ఒక ఇంట్లో పందిరి వేసే ఉంటుంది. "ఎవరి పిల్లయితేనేం, పెళ్ళి పెళ్ళే. ఉత్త చేతుల్తో ఎట్టా చూస్తాం?" అని వాటికీ వేసేది. తీరా తాళి కట్టే వేళకి ఎవడో "ఆపండి!" అని గుమ్మంలోంచి అరిచేవాడు. ఆ పెళ్ళి ఆగిపోయేది, కోటమ్మ అక్షింతలు దండగయ్యేవి. మర్నాడు మళ్ళీ పెళ్ళి, మళ్ళీ అక్షింతలు. అంజని రోజూ టీవీ ముందు చిమ్ముతూ, "రెండు గింజలే కదా" అనుకునేది. ఊఁ అను మరి.

అలా ఉండగా, ఇంకో వారంలో నవమి అనగా, ఇంకా లైటు వేయని సాయంత్రం పూట టీవీలో టుప్పుమని చప్పుడయింది. బొమ్మ పోయింది. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

కోటమ్మ ఏమనుకుందో తెలుసా? తన కళ్ళే పోయాయనుకుంది. పీట అంచు గట్టిగా పట్టుకుని, చీకట్లో మాటలు వింటూ అలాగే కూర్చుంది. అప్పుడు హర్షిత లోపలికొచ్చి, "నాయనమ్మా! టీవీ పోయింది!" అని కేక పెట్టింది. కోటమ్మ, "టీవీయా? అమ్మయ్య!" అంది. ఆ సాయంత్రం ఇల్లంతా దిగాలు పడితే, ఆమె ఒక్కతే ఓ ముద్ద ఎక్కువ తింది.

కానీ పొద్దున్న లేచేసరికి ఆమెకి నవమి గుర్తొచ్చింది. "ఒరే అబ్బాయ్, పండక్కి టీవీ ఉంటుందా?" అని అడిగింది. "ఉంటుందిలేమ్మా" అన్నాడు మాల్యాద్రి. ఎలా ఉంటుందో అతనికే తెలీదు. బాగుచేయించాలా, కొత్తది కొనాలా? ఇల్లంతా అదే మాట.

మొదట మాల్యాద్రి టౌనుకి పోయి టీవీల షాపులో అడిగాడు. ఆ షాపువాడు కుర్చీలోంచి లేవలేదు, ఏమైందని అడగలేదు. "అంత పెద్దవి బాగుకావు సార్. కొత్తది తీసుకోండి" అని ఓ సన్నటి టీవీ చూపించాడు. అమ్మేవాడు కొనమనక ఏమంటాడు? అయినా ఆ టీవీ తళతళలాడుతుంటే మాల్యాద్రి మనసు అటు మొగ్గింది.

ఆ తర్వాత పక్కింటి చెన్నకేశవులు వచ్చాడు. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. "ఒరే మాల్యాద్రీ, టీవీలో ఏ లోపమూ లేదురా. దాని మొహం దక్షిణానికి ఉంది. తూర్పుకి తిప్పి చూడు" అన్నాడు. నలుగురూ పట్టుకుని టీవీని తూర్పుకి తిప్పారు. బొమ్మ రాలేదు. చెన్నకేశవులుకి నడుం పట్టేసింది. మిగతా ముగ్గురూ దాన్ని మళ్ళీ ఉన్నచోటికే చేర్చారు, ఈసారి ఆయన లేకుండా.

అప్పుడు అంజని, "విప్పి చూడకుండానే కొత్తది కొనడమేంటండీ? మస్తాన్ని పిలవండి" అంది. మస్తాన్ ఊరి చివర టీవీలు, మిక్సీలు బాగుచేసేవాడు. పని బాగానే చేస్తాడు, నోరే ఊరుకోదు. టీవీ పెట్టించి, టార్చిలైటు తెరకి దగ్గరగా పెట్టి, "పాపా, ఏమన్నా కనపడుతుందా చూడు" అన్నాడు. హర్షిత ముక్కు ఆనించి చూసి, "లోపల సీరియల్ అత్తగారు తిరుగుతోంది!" అని అరిచింది.

"అయితే తెర బతికే ఉందన్నా" అన్నాడు మస్తాన్. "తెర పగిలితే నేనే కొత్తది కొనుక్కోమంటా. తెర మార్చే కంటే అదే నయం. తెర బాగుండి వెనక దీపాలు వెలగకపోతే మాత్రం విప్పాల్సిందే. నన్నడిగితే దీపాలే కాలిపోయుంటయ్."

పెద్దయ్యాక నీ ఇంట్లో టీవీ పోతే నువ్వూ ఆ టార్చిలైటు పని చెయ్యి. షాపుకి పరిగెత్తకు. సరేనా?

అప్పుడు మస్తాన్ టీవీని దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, మరలు తీసి, వెనక మూత ఎత్తాడు. జలజలమని బియ్యం రాలాయి. పచ్చటి బియ్యం. వాటి మధ్యలో పీచూ, కాగితం ముక్కలూ పేర్చి ఎలుక కట్టుకున్న గూడు. ఆ పక్కనే కొరికేసిన తీగ. ఎలుక మాత్రం లేదు, ఎప్పుడో అలికిడి విని పారిపోయింది. దీపాలు కాలలేదు, వాటికి కరెంటు అందడంలేదు అంతే. మస్తాన్ పచ్చటి గింజ ఒకటి వేళ్ళతో పైకెత్తి, "ఏంది మామ్మా ఇది? టీవీలో పులిహోర వండుతున్నారా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అందరూ కోటమ్మ వైపు చూశారు. నెత్తిన పడాలని ఎత్తుగా వేసిన అక్షింతలు టీవీ పైనుంచి దాటి, వెనక గాలి కన్నాల్లో పడ్డాయన్నమాట. బియ్యం కోసం ఎలుక వచ్చింది. వచ్చిన ఎలుకకి ఇల్లు నచ్చింది.

"తీగ మారిస్తే వెలుగుతుంది. కానీ మళ్ళీ బియ్యం పడితే మళ్ళీ ఎలకొస్తది" అన్నాడు మస్తాన్. "అయితే సన్నటిది కొని గోడకి బిగిస్తా" అన్నాడు మాల్యాద్రి. "దానికీ కన్నాలుంటయ్యన్నా, గాలాడాలిగా" అన్నాడు మస్తాన్. "పైన గుడ్డ కప్పితేనో?" అంది అంజని. "టీవీ నడిచేటప్పుడు గుడ్డ కప్పితే ఉడికిపోతుందమ్మా" అన్నాడు.

అప్పుడు మాల్యాద్రికి కోపమొచ్చింది. "బాగుచేయించినా అంతే, కొత్తది కొన్నా అంతే! నీ చాదస్తంతో ఈ ఇంట్లో ఏ టీవీ బతుకుతుందమ్మా? అది బొమ్మే! బొమ్మకి పెళ్ళేంది, అక్షింతలేంది?" అన్నాడు.

కోటమ్మ లేచింది. రొంటినున్న పొట్లం తీసి పెరట్లోకి వెళ్ళి పిచ్చుకలకి చల్లేసింది. తిరిగొచ్చి, "ఇక వెయ్యన్లేరా" అంది. ఆ మాట చాలా మెల్లిగా అంది. మాల్యాద్రి మొహం అటు తిప్పుకున్నాడు.

అంజని కలగజేసుకుంది. "ఏమండీ, తెగింది వేలెడు తీగ. దానికోసం గోడంత టీవీని పారేస్తామా? బాగుచేయించండి. బియ్యం సంగతి తర్వాత చూద్దాం" అంది. మాల్యాద్రి సరేనన్నాడు. మస్తాన్ తీగ మార్చాడు, గూడు దులిపాడు, మూత బిగించాడు. బొమ్మ భళ్ళున వెలిగింది.

అలా టీవీ బాగుపడింది గానీ కోటమ్మ దాని ముందుకి రాలేదు. ఓ రోజు కళ్ళు మంటలంది. ఓ రోజు చింతపండు పిక్కలు తీయాలంది. ఇంకో రోజు ఏమీ చెప్పకుండానే పెరటి గుమ్మంలో కూర్చుంది. సీరియల్లో పెళ్ళి అయిపోయింది కూడా, ఈసారి ఎవరూ ఆపలేదు. ఆ మాట చెప్పడానికి హర్షిత పరిగెత్తుకుని వెళ్తే, "పోన్లే, పాపం ఆ పిల్ల ఓ ఇంటిదయింది" అంది గానీ లేచి రాలేదు. మాల్యాద్రి బస్సులో కూడా అదే ఆలోచిస్తూ ఒకాయనకి రెండుసార్లు టికెట్టు కొట్టాడు.

నవమి రానే వచ్చింది. పానకం కలిపారు, వడపప్పు నానబోశారు. హర్షిత చెయ్యి పట్టుకుని లాక్కొస్తే కోటమ్మ వచ్చి కూర్చుంది. టీవీకి దూరంగా, గుమ్మం పక్కన. అక్కణ్ణించి ఆమెకి రంగులు తప్ప ఏమీ కనిపించవు. జీలకర్రా బెల్లం అయింది. మంగళసూత్రధారణ అయింది. తలంబ్రాలు పట్టుకొచ్చారు. కోటమ్మ చెయ్యి అలవాటుగా రొంటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఆ చేతిని తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

మాల్యాద్రి అది చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు. గబుక్కున లేచి మంచం మీది దుప్పటి లాగాడు. "అంజనీ, అటు చివరలు పట్టుకో" అన్నాడు. టీవీకి ఆ పక్క అంజని, ఈ పక్క మాల్యాద్రి నిలబడి, దుప్పటిని టీవీకి తగలకుండా దాని నెత్తిమీద పందిరిలా పట్టారు. గాలికి గాలీ ఆడుతోంది, గింజ వెనక్కి పోయే దారీ లేదు.

"దగ్గరికి రామ్మా. అంతదూరం నుంచి నీకేం కనపడుతుంది?" అన్నాడు మాల్యాద్రి. "వెయ్యి. నెత్తిన పడేట్టే వెయ్యి."

"నా దగ్గర అక్షింతల్లేవురా" అంది కోటమ్మ.

"పొద్దున్నే కలిపి దేవుడి దగ్గర పెట్టానత్తయ్యా. హర్షితా, ఆ పళ్ళెం తీసుకురా" అంది అంజని.

కోటమ్మ పీట ముందుకి జరుపుకుంది. మొదటి పిడికెడు రాముడికి వేసింది, దుప్పట్లో పడ్డాయి. రెండో పిడికెడు సీతమ్మకి వేసింది, అవీ దుప్పట్లోనే పడ్డాయి. పళ్ళెంలో ఇంకో పిడికెడు మిగిలింది.

"అయిందామ్మా? చేతులు పీకుతున్నాయి" అన్నాడు మాల్యాద్రి.

"ఆగరా, ఇంకొక్క పిడికెడుంది" అని కోటమ్మ లేచింది. టీవీ వైపు చూడలేదు. కొడుకు దగ్గరికి వెళ్ళి, మొహంలో మొహం పెట్టి చూసింది, అంత దగ్గరికి వెళ్తేగానీ ఆమెకి ఆనదు. సగం అక్షింతలు అతని నెత్తిన వేసింది. అటు వెళ్ళి మిగతా సగం కోడలి నెత్తిన వేసింది. "నూరేళ్ళు చల్లగా ఉండండి" అంది. సంతోషంతో ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. వాళ్ళు కాళ్ళకి దణ్ణం పెడదామంటే ఇద్దరి చేతుల్లోనూ దుప్పటి ఉంది. అందుకని తలలు మాత్రం వంచారు.

ఊఁ అనడం ఎప్పుడో మానేశావే దొంగా! సరే, కళ్ళు మూసుకునే విను.

రామయ్య పెళ్ళయింది రాగాల పందిట్లో,
గింజొకటి పోలేదు గూటి కన్నాల్లో,
ఎలకమ్మ వెళ్ళింది ఎగువ చేలల్లో,
కథమ్మ చేరింది కంచి వీధుల్లో,
మనమేమో ఉన్నాము మన ఇంటి మంచంలో,
నిదరమ్మ వచ్చింది నీ చిట్టి కళ్ళల్లో.