తెల్లగుడ్డ అమ్మిన మరబొమ్మ

పూర్వం వర్తకుడు చెంచయ్య అంగట్లో మాట్లాడే మరబొమ్మ ఉండేది. ఎవరేం కొన్నారో గుర్తుపెట్టుకుని, ఇక ఏం కొనాలో అరిచి చెప్పేది.

వడ్లు దంచే నూకాలు మొగుడి దగ్గుకని పిప్పళ్ళు, తేనె కొంది. “నూకాలూ, పాడె మీదికి తెల్లగుడ్డ చవగ్గా ఇస్తాం,” అంది బొమ్మ.

నూకాలు ఒళ్ళు మండిపోయింది. చెంచయ్య నవ్వాడు. “కొన్న సరుకును బట్టి చెబుతుందే. దానికి మనుషుల్లో తేడాల్లేవు.”

మర్నాడు రాజుగారు దగ్గుకుంటూ ఆ బొమ్మను చూడ్డానికి వచ్చారు. నూకాలు ఎదురెళ్ళింది.

“ప్రభూ, పిప్పళ్ళు, తేనె కొనండి. అదేమంటుందో విందురుగాని.”

రాజు సరుకు అందుకోగానే చెంచయ్య గభాలున బొమ్మ నోరు మూసేశాడు.

“చెయ్యి తియ్యి,” అంది నూకాలు. “దానికి తేడాల్లేవు. నీకే ఉన్నాయి.”